హరికేన్ పికప్‌కి ఇంజెక్షన్ ఇంజన్ ఎక్కించాలంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. 1968 నాటి లాంగ్ ఛాసిస్ జీపు, వెనక తొట్టి కట్టించిన పికప్. హరికేన్ పెట్రోల్ ఇంజన్ బ్లాకుకి పగులు వచ్చింది. దాన్ని మళ్లీ కట్టించే బదులు జిప్సీ ఎంపీఎఫ్ఐ (పెట్రోల్ ఇంజెక్షన్ ఇంజన్) గానీ, ఇన్నోవా పెట్రోల్ గానీ ఎక్కిస్తే ఎలా ఉంటుంది, పని ఎంత, ఆర్టీఏ ఏమంటుంది అని అడిగారు. వారానికి రెండు మూడు సార్లు శామీర్‌పేట నుంచి హైదరాబాద్ ఊళ్లోకి ఐదారు వందల కిలోల సరుకు వేసుకొస్తానన్నారు. ఆ చివరి మాట చాలా ముఖ్యం, ఇంజన్ ఎంపిక దాని మీదే తేలుతుంది.

ముందు కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పుకి 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ని గట్టిగానే చెప్పింది. అదే రకం ఇంజన్ వేసి నంబరు మార్పించుకోవడం ఒక ఎత్తు, వేరే కంపెనీ ఇంజన్ వేయడం ఇంకో ఎత్తు. అందుకే రెంచి పట్టకముందే ఖైరతాబాద్ ఆర్టీఏకో, మీ పరిధిలోని ఆఫీసుకో వెళ్లి, ఏ ఇంజన్ వేయబోతున్నారో రాసిన దరఖాస్తు ఇచ్చి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బ్రోకరు నోటిమాట నమ్మి పని మొదలుపెట్టొద్దు. ఆర్సీలో ఇప్పుడు ఏ ఇంజన్ నంబరు, ఏ ఇంధనం ఉన్నాయో కూడా చూసుకోండి. ఈ జీపుల్లో చాలావాటికి మధ్యలో ఎవరో డీజిల్ ఎక్కించి, తర్వాత మళ్లీ పెట్రోల్‌కి తెచ్చి ఉంటారు, ఆర్సీ మాత్రం పాతదే మిగిలి ఉంటుంది.

ఇంకో సంగతి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. మీ బండి వయసు సరిపోతుంది, ఇంజన్ మారిస్తే ఆ దారి మూసుకుపోతుంది. వింటేజ్ బండిని రోజువారీ వాడకానికీ సరుకు రవాణాకీ తిప్పకూడదు కాబట్టి మీ అవసరానికి అది ఎలాగూ కుదరదు. అయినా హరికేన్ బ్లాకుని పాత ఇనుముకి వేయకుండా, ఆయిల్ పట్టించి ఒక మూల భద్రపరచండి. నంబరున్న బ్లాకు ఒకసారి పోతే తిరిగి రాదు.

ఇక ఇంజన్. చాలామంది హార్స్‌పవర్ చూసి జిప్సీ ఇంజన్ కొంటారు. హరికేన్ 2.2 లీటర్లు, 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 72 హార్స్‌పవర్. జిప్సీ 1.3 లీటర్లు, 6,000 దగ్గర 80. కాగితం మీద జిప్సీదే పైచేయి. కానీ లాగేది టార్క్, అంటే తిప్పే బలం. హరికేన్ 2,000 ఆర్‌పీఎం దగ్గరే 154 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, జిప్సీ 4,500కి వెళ్తేగానీ 103 ఇవ్వదు. ఖాళీ బండితో తిరిగేవాళ్లకి జిప్సీ హాయిగా ఉంటుంది. ఆరు వందల కిలోలు వేసి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు క్లచ్ వాసన వస్తుంది, ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజన్ని అరిపించాలి. ఇన్నోవా 2.0 పెట్రోల్ 4,000 దగ్గర 182 ఇస్తుంది, కిందకూడా చాలినంత ఉంటుంది. మీ వాడకానికి ఇన్నోవాయే సరైనది. కాకపోతే అది బరువు, పొడవు రెండూ ఎక్కువ. కొనేముందు టేపుతో కొలవాలి.

జిప్సీతో ఇంకో చిక్కు కూడా ఉంది. దాని ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకి శక్తి పంచే పెట్టె) గేర్‌బాక్స్‌కి విడిగా ఉంటుంది, కాబట్టి జీపులో అమర్చడం తేలిక అనిపిస్తుంది. కానీ దాని హై రేంజ్ (మామూలు రోడ్డుకి వాడేది) నేరుగా ఒకటికి ఒకటి కాదు, 1.409. మీ జీపు హౌసింగు (వెనక ఇరుసు గేర్లు) నిష్పత్తి 5.38 అయితే రెండూ కలిసి 7.58 అవుతుంది. 7.00-16 టైరు ఒక చుట్టుకి సుమారు 2.35 మీటర్లు పోతుంది. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 567 చుట్లు తిరుగుతుంది. అంటే ఐదో గేరులో కూడా ఇంజన్ 3,400 దాకా తిరుగుతుంది. అదే ఇన్నోవా గేర్‌బాక్స్ పెట్టి, ఐదో గేరు 0.85 అనుకుంటే 2,600 చాలు. హరికేన్ టాప్ గేరులో అదే వేగానికి 3,050 తిరిగేది. మీ హౌసింగు 5.38నా 4.88నా అన్నది ఊహించకండి. వెనక ఒక చక్రం లేపి, రెండోది నేల మీదే ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, లేపిన చక్రాన్ని రెండు పూర్తి చుట్లు తిప్పి, జాయింట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి హౌసింగుకి వచ్చే షాఫ్టు) ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. అదే నిష్పత్తి.

కొనేటప్పుడు ఇంజన్ ఒక్కటే కాదు, మొత్తం సెట్టు కొనండి. ఇదే అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సిన మాట. చుడీబజార్‌లోనో ఇంకెక్కడో ఇంజన్ చవగ్గా దొరికిందని తెచ్చి, తర్వాత ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటరు) ఒకచోట, వైరింగ్ ఇంకోచోట వెతికేవాళ్ల బండ్లే షెడ్డులో ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. మీకు కావలసింది: ఇంజన్, దాని గేర్‌బాక్స్, క్లచ్ సెట్టు, ఆల్టర్నేటర్, సెల్ఫ్, ఈసీయూ, ఇంజన్ వైరింగ్ ఎక్కడా కోయకుండా, ఫ్యూజు డబ్బా, రిలేలు, ట్యాంకులోని పంపు మొత్తం యూనిట్, యాక్సిలరేటర్ పెడల్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాని గొట్టంతో సహా, క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, రేడియేటర్, ఫ్యాను. ఇమ్మొబిలైజర్ ఉన్న బండిదైతే తాళంచెవి, తాళం చుట్టూ ఉండే కాయిల్, దాని మాడ్యూల్ కూడా అదే బండివి కావాలి. లేకపోతే ఇంజన్ ఒక్క సెకను అందుకుని ఆగిపోతుంది. థ్రాటిల్ ఎలక్ట్రానిక్ రకమైతే పెడల్ కూడా అదే బండిది ఉండాలి, వేరేది పెడితే పనిచేయదు. అమ్మేవాడి బిల్లు, దాత బండి (ఆ ఇంజన్ తీసిన బండి) ఆర్సీ రద్దు కాగితం, ఇంజన్ నంబరు మూడూ సరిపోలాలి. దొంగ బండి ఇంజన్ అని తేలితే మీ పికప్ కూడా పోలీస్ స్టేషన్‌లో నిలబడుతుంది. వీలైతే స్టార్ట్ చేసి చూపించమనండి, లేదా కంప్రెషన్ చూడండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నాలుగు ప్లగ్గులూ తీసి కొలిస్తే నాలుగు సిలిండర్లకీ మధ్య తేడా ఒక బార్ దాటకూడదు. ఖర్చు లెక్క వేసేటప్పుడు ఈ సెట్టు మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు దాటకుండా చూసుకోండి. మిగతాది లేత్ పని, ట్యాంకు, బ్రేకులు, వైరింగ్ తినేస్తాయి.

పాత మూడు గేర్ల టీ-90 గేర్‌బాక్స్‌ని ఉంచి మధ్యలో అడాప్టర్ ప్లేటు వేద్దామని ఎవరైనా అంటే వద్దనండి. ప్లేటు కోయడం కష్టం కాదు, బాలానగర్‌లో ఏ మంచి లేత్ దగ్గరైనా చేస్తారు. కష్టం కేంద్రం కలపడం. క్రాంకు మధ్యబిందువుకీ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టుకీ తేడా 0.13 మిల్లీమీటర్లు దాటితే పైలట్ బేరింగ్, క్లచ్ ప్లేటు స్ప్లైన్లు కొన్ని వేల కిలోమీటర్లలోనే అరిగిపోతాయి. దాత ఇంజన్‌తో దాని గేర్‌బాక్సే వస్తే ఈ తలనొప్పే ఉండదు. అప్పుడు మిగిలే ప్రశ్న ఫోర్ వీల్ డ్రైవ్. స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు వెనక జాయింటుని కుడివైపుకి ఇస్తుంది, మీ వెనక హౌసింగు గుండు కూడా అందుకే కుడికి జరిగి ఉంటుంది. ఇన్నోవా గేర్‌బాక్స్ జాయింటు మధ్యలోంచి వస్తుంది. ఛాసిస్ మధ్యలో ఇంజన్ పెడితే జాయింటు పక్కకి వాలుతుంది, పైనుంచి కిందకీ వాలుతుంది, రెండు కోణాలూ కలిసి పనిచేస్తాయి. క్రాస్ బేరింగ్ దగ్గర కలిపిన కోణం 3 డిగ్రీల లోపు, రెండు చివర్లా ఒకదానికొకటి ఒక డిగ్రీ తేడాలోపు ఉండేట్టు చూడాలి. ఇంజన్‌ని 30, 40 మిల్లీమీటర్లు కుడికి జరిపితే కొంత సర్దుకుంటుంది, కానీ కుడివైపే స్టీరింగ్ బాక్సు ఉంటుంది. సైలెన్సర్ మానిఫోల్డ్ ఆ వైపే వస్తే వేడికి స్టీరింగ్ గ్రీజు కరిగిపోతుంది. ఫోర్ వీల్ మీకు నిజంగా అవసరం లేకపోతే వదిలేయండి. మీరు చెప్పిన రూటుకి అక్కర్లేదు.

ఫౌండేషన్ (ఇంజన్‌ని ఛాసిస్ మీద నిలబెట్టే బ్రాకెట్లు) కట్టేటప్పుడు బండి నాలుగు చక్రాల మీద, స్ప్రింగు పట్టీల మీద పూర్తి బరువుతో నిలబడి ఉండాలి. స్టాండ్ల మీద పెట్టి కొలిస్తే అన్నీ తప్పుతాయి. ముందు ఇరుసు పట్టీ పూర్తిగా పైకి కొట్టినా ఆయిల్ చాంబర్‌కి కనీసం 75 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. కారు ఇంజన్ చాంబర్లు గిన్నె ఆకారంలో ముందుకో వెనక్కో పొంగి ఉంటాయి, ఇరుసు సరిగ్గా దాని కిందకే వస్తుంది. చాంబర్ కోసి మార్పిస్తే లోపల ఆయిల్ పీల్చే గొట్టం ఎత్తు కూడా మార్చాలి. ఆ ఒక్కటి మర్చిపోతే మలుపులో ఆయిల్ ప్రెషర్ పడి బేరింగులు పోతాయి. ఫ్యాను నుంచి రేడియేటర్‌కి 25 నుంచి 40, వెనక డాష్ గోడకి 25 మిల్లీమీటర్లు వదలండి. ఇంజన్ వెనక్కి సుమారు 3 డిగ్రీలు వాలాలి. బ్రాకెట్లకి 5 లేదా 6 మిల్లీమీటర్ల ప్లేటు చాలు. ఛాసిస్ పై అంచుకీ కింది అంచుకీ అడ్డంగా వెల్డింగ్ చేయకండి, పగులు అక్కడే మొదలవుతుంది. నిలువు గోడకి పట్టించి బోల్టులు వేయండి. మౌంటింగ్ రబ్బరు దాత బండిదే వాడండి. ఇనుముకి ఇనుము బిగిస్తే వణుకు ఒక్కటే సమస్య కాదు. ఆ చప్పుడుని నాక్ సెన్సర్ ఇంజన్ కొట్టుకుంటోందని పొరబడి టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, బండి మొద్దుగా నడుస్తుంది. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ రెండు వైర్లూ తీసి, ఈసీయూ కనెక్టరు విప్పి పక్కన పెట్టండి.

పెట్రోలు దగ్గరే ఈ పనుల్లో సగం ఓడిపోతాయి. కార్బురేటర్‌కి అర బార్ కూడా అక్కర్లేదు, ఫ్లోట్ గిన్నె ఉంటుంది, పెట్రోలు కాసేపు అటూ ఇటూ అయినా నడుస్తుంది. ఇంజెక్షన్‌కి రైలులో (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో) సుమారు 3 బార్ క్షణం కూడా తగ్గకుండా ఉండాలి. పాత ట్యాంకు తుప్పు రెండు రోజుల్లో ఫిల్టర్ని మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. అది పాత ట్యాంకులో ఏళ్లుగా అంటుకున్న జిగురుని కరిగించి లైన్లలోకి తెస్తుంది, నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలని మెత్తబరుస్తుంది. అందుకని కొత్త ట్యాంకు కట్టించండి. 1.5 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకు, లోపల అడ్డు పలకలు, దాత బండి పంపు యూనిట్ నిలబడేంత లోతు, పంపు చుట్టూ ఒకటి రెండు లీటర్లు నిలిచే గిన్నె. ఆ గిన్నె లేకపోతే ట్యాంకు పావు వంతు ఉన్నప్పుడు మలుపులో పెట్రోలు పక్కకి జరిగి పంపు గాలి పీలుస్తుంది. అప్పుడు కుదుపు వస్తుంది, అందరూ ప్లగ్గులు మార్చుకుంటూ కూర్చుంటారు. పాతది సీటు కింద ఉన్న రకమైతే దాన్ని అక్కడ్నించి తీసేసి ఛాసిస్ మధ్యకి మార్చండి. లైను 8 మిల్లీమీటర్ల స్టీలు పైపు, రబ్బరు అవసరమైన చోట ఇంజెక్షన్ రేటింగ్ ఉన్న ఆర్9 గొట్టం, గుండ్రటి అంచు క్లిప్పులు. సైలెన్సర్‌కి కనీసం 100 మిల్లీమీటర్ల దూరం. మీరు తెచ్చిన సెట్టులో రెగ్యులేటర్ రైలు మీద ఉంటే ట్యాంకుకి తిరుగు లైను వేయాలి. ట్యాంకులోనే ఉంటే అక్కర్లేదు. ఇది తేల్చుకోకుండా బయటి పంపు పెడితే ప్రెషర్ అదుపు తప్పుతుంది.

పంపుకి వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లు, 15 ఆంప్ ఫ్యూజు, రిలే. ఆ రిలేని ఈసీయూ నడపాలి. తాళంచెవికి నేరుగా కలిపితే ప్రమాదంలో ఇంజన్ ఆగినా పంపు పెట్రోలు కొడుతూనే ఉంటుంది.

కరెంటు సంగతి కొంచెం నిదానంగా చూడండి. ఈ జీపుల్లో కొన్ని 6 వోల్టులవి, ముందు అది చూసుకోండి. 12 వోల్టులదైనా డైనమోతో నడిచే పాత వైరింగ్ మీద ఈసీయూని ఆనించకండి. ఇంజన్ వైరింగ్ పూర్తిగా విడి. బ్యాటరీ నుంచి దాని ఫ్యూజు డబ్బాకి నేరుగా ఒక లావు వైరు, లైట్లు హారన్ల పాత వైరింగ్ వేరు. ఈసీయూకి రెండు రకాల 12 వోల్టులు కావాలి, ఎప్పుడూ ఉండేది ఒకటి, తాళం తిప్పితే వచ్చేది ఒకటి. ఈ రెండోదాన్ని పాత ఇగ్నిషన్ స్విచ్చిలో ఏ టెర్మినల్‌కి కలిపారన్నది చూడాలి. యాక్సెసరీ టెర్మినల్‌కి కలిపితే సెల్ఫ్ కొట్టేంతసేపూ అక్కడ కరెంటు ఆగిపోతుంది. అప్పుడు ఒక విచిత్రం కనిపిస్తుంది. సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, స్టార్ట్ కాదు, చెయ్యి వదిలిన ఆ క్షణంలో ఒక్కసారి దగ్గుతుంది. ఈ దగ్గు వినగానే ఇంజెక్టర్లు విప్పకండి. మల్టీమీటరు ఎర్ర వైరు ఆ ఫీడు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. సంఖ్య సున్నాకి పడితే తప్పు స్విచ్చిలోనే ఉంది.

ఎర్త్ ఇంకా ముఖ్యం. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్ బ్లాకుకి 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, బ్లాకు నుంచి ఛాసిస్‌కి ఒకటి, ఛాసిస్ నుంచి బాడీకి ఒకటి. బోల్టు కింద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించాకే బిగించండి. ఈసీయూ ఎర్తులు కంపెనీ ఇచ్చిన చోటే ఇంజన్ మీద ఉండాలి, డాష్‌బోర్డు స్క్రూకి కట్టకండి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ బ్లాకుకీ మధ్య 0.3 వోల్టుల కన్నా ఎక్కువ కనిపిస్తే కేబుల్ గానీ జాయింట్ గానీ బాగాలేదు. సెన్సర్లు ఇచ్చే సంఖ్యలు ఈ ఎర్త్ మీదే నిలబడతాయి. ఎర్త్ ఊగితే ఒక రోజు ఆక్సిజన్ సెన్సర్ చెడిందంటుంది, మర్నాడు థ్రాటిల్ అంటుంది. ఈసీయూని డాష్ లోపల ఎత్తుగా, కనెక్టరు నోరు కిందికి ఉండేలా పెట్టండి. జూలైలో ఇక్కడ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు వస్తాయి.

స్పీడు సెన్సర్ని వదిలేయొద్దు. పాత స్పీడోమీటరు కేబుల్‌తో సర్దుకుందామని దాన్ని కలపకపోతే, సిగ్నల్ దగ్గరికి వచ్చి క్లచ్ తొక్కగానే ఆర్‌పీఎం పడిపోయి ఇంజన్ ఆగే అవకాశం ఉంటుంది.

కూలింగ్‌కి దాత బండి రేడియేటర్ సరిపోతుంది, ముందు గ్రిల్లు వెడల్పులో పడితే. పడకపోతే మూడు వరసల రాగి రేడియేటర్ కట్టించి, తప్పకుండా ష్రౌడ్ (ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు) పెట్టండి. ష్రౌడ్ లేని ఫ్యాను అమీర్‌పేట ట్రాఫిక్‌లో మే నెల మధ్యాహ్నం వేడి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. రేడియేటర్ తల ఇంజన్ నీటి దారి కన్నా కిందికి ఉంటే పైన విడిగా ఒక హెడర్ ట్యాంకు కావాలి, లేకపోతే గాలి బుడగ హెడ్డులోనే నిలిచిపోతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయడం మన షెడ్డుల్లో పాత అలవాటు. హరికేన్‌కి అది నడిచింది. ఇంజెక్షన్ ఇంజన్‌లో థర్మోస్టాట్ తీస్తే రోడ్డు మీద ఇంజన్ వేడెక్కదు, ఈసీయూ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో పెట్రోలు కలుస్తుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది.

ఆక్సిజన్ సెన్సర్‌ని దాత బండిలో మానిఫోల్డ్‌కి ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో, పైపు పైభాగంలో పెట్టండి. కిందివైపు పెడితే పొద్దున్నే పైపులో చేరే నీరు దాన్ని పగలగొడుతుంది. మానిఫోల్డ్‌కీ దానికీ మధ్య ఎక్కడ లీకున్నా బయటి గాలి లోపలికి వచ్చి సెన్సర్ తప్పు చెబుతుంది.

బ్రేకుల విషయంలో బేరం వద్దు. ఒకే సర్క్యూట్ ఉన్న పాత మాస్టర్ సిలిండర్‌తో, ఒక వీల్ సిలిండర్ లీకైతే నాలుగు చక్రాలూ పోతాయి. డబుల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్, వాక్యూమ్ బూస్టర్ పెట్టండి, కొత్త ఇంజన్ మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ దొరుకుతుంది. డ్రమ్ములు 9 అంగుళాలవైతే 11 అంగుళాలవి చూడండి. ఇంజన్ తిరగకముందే ఈ పని అవ్వాలి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పంపు రిలే, కాయిల్ కనెక్టర్లు తీసేసి, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి, ఆయిల్ లైటు ఆరేదాకా. తర్వాత రిలే పెట్టి, తాళం నాలుగైదు సార్లు ఆన్ ఆఫ్ చేసి, గేజిలో ప్రెషర్ చూసి, లైను పొడవునా చెయ్యి తిప్పి తడి ఉందేమో చూడండి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. స్కానర్ పెట్టి స్టార్ట్ చేయకముందే సంఖ్యలు చదవండి. చల్లటి ఇంజన్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత రెండూ షెడ్డులో ఉన్నంతే చూపించాలి. మాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) ఉన్న ఇంజన్ అయితే తాళం ఆన్ చేసి, ఇంజన్ ఆగి ఉండగా హైదరాబాద్ ఎత్తుకి సుమారు 95 కిలోపాస్కల్స్ చూపిస్తుంది. అది 60 చూపిస్తే ఇంజన్ తప్పు కాదు, సెన్సర్‌దో వైరుదో. సెల్ఫ్ కొడుతుండగా స్కానర్‌లో ఆర్‌పీఎం కనిపించాలి. సున్నా ఉంటే క్రాంక్ సెన్సర్ దగ్గరే ఆగండి, స్పార్కూ పెట్రోలూ రెండూ దాని తర్వాతే.

ఇంజన్ వేడెక్కాక చార్జింగ్ 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలుని ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే సంఖ్య) ప్లస్ మైనస్ పదిలోపు ఉంటే అంతా కుదిరినట్టే. ప్లస్ పదిహేను ఇరవై చూపిస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా గొట్టం బిగింపులు, తర్వాత పెట్రోలు ప్రెషర్ చూడండి. సంఖ్య ఐడిల్‌లో ఎక్కువై, రెండున్నర వేలకి లేపితే తగ్గితే అది గాలి లీకు. లేపినకొద్దీ పెరిగితే పెట్రోలు తక్కువ.

మొదటి 500 కిలోమీటర్లు ఖాళీగా, ఊరి చుట్టూ తిప్పండి. తర్వాత ఫౌండేషన్ బోల్టులు, జాయింట్ బోల్టులు, మానిఫోల్డ్ నట్లు అన్నీ మళ్లీ బిగించి, పెట్రోలు ఫిల్టర్ మార్చండి. తీసిన ఫిల్టర్ని వంపి తెల్లటి గుడ్డ మీద పోసి చూడండి. గుడ్డ మీద ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకులోనో లైనులోనో తుప్పు మిగిలే ఉంది, సరుకు ఎక్కించకముందే దాన్ని కడిగించండి.